మిద్దె పడవలో మొదటి అడుగు

"ఆ ఊద్దాన్ చిన్న దుల్హన్ చేతికియ్యి."

జైనబ్ బీ ఆ మాట అనడం ఇది మూడోసారి. పెద్ద కోడలు ఖైసర్ బేగం మూడోసారి కూడా వినబడనట్టే నిలబడింది. ఊదు పొగ వేసే ఇత్తడి ఊద్దాన్‌ను రెండు చేతులా పొట్టకు అదుముకుని గడప దగ్గరే పాతుకుపోయింది. ఎదురుగా చిన్న కోడలు ఫరీహా చెయ్యి చాపి ఉంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోదు, ముందుకొచ్చి లాక్కోదు. బయట మొగల్‌పురా గల్లీలో వ్యాన్ హారన్ మోగుతూనే ఉంది.

"పొద్దుగాల లేచి చింతపండేసి తోమింది నేను," అన్నది ఖైసర్. "బొగ్గులు తెచ్చింది నేను, ఊదు తెచ్చింది నేను. పట్టుకునేటందుకు మాత్రం నా చేతులు పనికిరావా అమ్మీ?"

"చేతుల మాట ఎవరన్నరు? నేనంటున్నది కాళ్ళ సంగతి."

ఖైసర్ ఊద్దాన్‌ను ఫరీహా చేతిలో పెట్టలేదు. గడప పక్కన నేల మీద పెట్టింది. వంగి తీసుకోవలసి వచ్చినా ఫరీహా మొహంలో వెలుగు ఇసుమంతైనా తగ్గలేదు. ఖైసర్‌కు కడుపు మండింది అందుకే.

ఆ ఇంటి పద్ధతి అది. ఏది కొనాలన్నా, లారీ అయినా, గోదాము అయినా, చూడబోయిన రోజునే ముందు ఇంటి ఆడది కుడికాలు లోపల పెట్టి బిస్మిల్లా అనాలి. తలుపులు మూసి మూలమూలకూ ఊదు పొగ పట్టించాలి, పన్నీరు చల్లాలి. మగవాళ్ళు లోపలికి వచ్చేది ఆ తర్వాతే. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆ పని ఖైసర్‌ది. జల్‌పల్లిలో ఫంక్షన్ హాలు లీజుకు తీసుకున్నప్పుడూ ఆమెదే. ఆ హాలు యజమాని కొడుకులు ఇద్దరూ కోర్టుకెక్కారు, హాలుకు తాళం పడింది. కొట్టుకున్నది వాళ్ళు, చెడ్డపేరు వచ్చింది మాత్రం ఖైసర్ అడుగుకి. "పెద్ద దుల్హన్ అడుగు కలిసి రాలే" అని అత్తగారు ఒక్కసారి అన్నది. చుట్టాలందరూ ఆ మాటను ఖుబానీ మీఠా తిన్నంత ఇష్టంగా తిన్నారు. ఇంకా తింటూనే ఉన్నారు.

వ్యాన్‌లో ముందు సీట్లో అన్నదమ్ములు కూర్చున్నారు. ఖైసర్ మొగుడు యూనుస్ నడుపుతున్నాడు, ఫరీహా మొగుడు షాహెద్ మాట్లాడుతున్నాడు. వాళ్ళిద్దరిదీ సప్లయింగ్ కంపెనీ. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, పెద్ద వంట దేగులు కిరాయికిస్తారు. ఆ వ్యాపారం పడిపోయిందనీ, కొత్తగా ఏదైనా చెయ్యాలనీ షాహెద్ ఏడాదిగా పోరు పెడుతున్నాడు. ఆ పోరుకు వచ్చిన ఫలమే పడవ. ఒక డ్యాం వెనక నీళ్ళ మీద దాన్ని నడుపుకోవడానికి రిసార్టు వాళ్ళు సరే అన్నారట. పడవ మీద వలీమా విందులు, నిశ్చితార్థాలు. కింద పడకగదులు, మధ్యలో సోఫాల హాలు, అన్నిటి మీదా ఆకాశం కింద కూర్చునే మిద్దె, ఆ మిద్దె మీద ఇంకో స్టీరింగు. దాన్ని ఫ్లైబ్రిడ్జి యాట్ అంటారని షాహెద్ ఎంత నేర్పినా ఇంట్లో అందరూ మిద్దె పడవ అనే అంటున్నారు.

కొత్తది కాదు, వాడినది. ముంబయి నుంచి రోడ్డు మీద తెప్పించుకున్న బాబురావు అనే ఆసామి అనుకున్న పని కుదరక అమ్మకానికి పెట్టాడు. రెండు వానాకాలాలుగా అది జల్‌పల్లి పక్కన ఆయన యార్డులో ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది.

దాన్ని కొనాలంటే తమ సామాను ఉండే ఉస్మాన్‌గంజ్ గోదాము అమ్మాలి. ఇంట్లో వారం రోజులుగా జరుగుతున్న లొల్లి అంతా అందుకే.

"భాభీ," అన్నది ఫరీహా వెనక సీట్లో, ఊద్దాన్‌ను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని. "పొగ కండ్లల్ల కొట్టకుండ ఎట్ల పట్టుకోవాలె?"

"కండ్లు మూసుకో."

"కండ్లు మూసుకుంటె పడిపోనా?"

"ఏమో. నేను ఎన్నడు పడలే."

ఫరీహా కిటికీ వైపు తిరిగింది. ఖైసర్ తన చెప్పుల్లోని కుడిపాదం వైపు చూసుకుంది. చిటికెన వేలు పక్కకు ఒంగి పైకి లేచి ఉంటుంది. పెళ్ళైన కొత్తలో గోదాములో దేగు జారి పడ్డది దాని మీద. నడిస్తే ఆ వేలు నేలకు తగలదు.

ఈ పాదం గురించి ఫరీహాకు తెలియనిది ఒకటుంది. ఎవరికీ తెలియదు. మొన్న మధ్యాహ్నం చెల్లెలి ఇంటికని చెప్పి జల్‌పల్లి వచ్చిన ఖైసర్, చెల్లెలి ఇంటికి పోలేదు. నఖాబ్ దించుకుని నేరుగా యార్డుకు పోయింది. కొనేవాళ్ళ ఇంటి మనిషినని చెప్పి వాచ్‌మన్‌తో తాళం తీయించుకుంది. ఇనుప మెట్లెక్కి, చెప్పులు విడిచి, కుడికాలు లోపల పెట్టి బిస్మిల్లా అన్నది. ఎవరెన్ని ఊద్దాన్‌లు మోసినా మొదటి అడుగు తనది. ఫరీహాకు దక్కేది ఎంగిలి అడుగు. ఆ తలపుకు మొన్న ఆమెకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేం.

ఆ హాయి కింది గది దాకానే నిలిచింది. తలుపు తీయగానే వాసన కొట్టింది. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. వానలో తడిసిన షామియానా ఆరబెట్టకుండా మడిచి, గోదాములో పడేసి తాళం వేస్తే, వారం తర్వాత తలుపు తీసినప్పుడు వచ్చే వాసన. మంచం పక్కకు నడిచింది. కార్పెట్ కింద నేల మెత్తగా దిగింది. ఇంకో అడుగు వెయ్యడానికి భయమేసి, బాత్రూమ్ గడప మీది చెక్క మీద కాలు పెట్టి నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి వచ్చేసింది.

మొగుడికి చెబుదామనే ఇంటికొచ్చింది. తీరా వస్తే జైనబ్ బీ తన వెండి గులాబ్‌పాష్‌ను ఫరీహా చేతిలో పెట్టి, పన్నీరు ఎలా చల్లాలో నేర్పిస్తోంది. అన్నేళ్ళూ ఖైసర్ చేతిలో ఉన్న గులాబ్‌పాష్. మొగుడికి చెప్పకుండానే ఖైసర్ వంటింట్లోకి పోయింది. చల్లుకోనీ, అనుకుంది. బాగా చల్లుకోనీ.

*

పడవ దగ్గరికి వచ్చి చూస్తే రెండంతస్తుల ఇల్లంత ఉంది. జైనబ్ బీకి దాని నీడలోనే ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఫరీహా మేజోళ్ళతో మెట్లెక్కి, పైన ఒక్క క్షణం ఆగి, కింద ఉన్న అందరినీ చూసి మరీ కుడికాలు లోపల పెట్టింది. యూనుస్, షాహెద్ తల వంచుకుని దువా చదివారు. ఖైసర్ తల వంచలేదు. కాసేపటికి మూసిన అద్దాల లోపల పొగ తెల్లగా సుళ్ళు తిరిగింది.

"ఎంత బాగ పట్టిస్తున్నది," అన్నది జైనబ్ బీ. "మూల గూడ ఇడిసిపెట్టలే."

"అవును," అన్నది ఖైసర్. "మస్తు బాగున్నది."

పొగ ఇంకా తగ్గకముందే కృపాకర్ వచ్చాడు. విశాఖ హార్బరులో పడవలు పరీక్ష చేసి చెప్పేవాడు, షాహెద్ ఏరికోరి పిలిపించుకున్నాడు. తొందరగా మెట్లెక్కి తలుపు తీసి, దగ్గుకుంటూ బయటికి వచ్చాడు.

"ఎవరండీ ఈ పొగ పెట్టింది?"

"మా ఇంటి పద్ధతి సార్," అన్నాడు షాహెద్ నవ్వుతూ.

"పద్ధతి సంగతి సరేనండి. మూసిపెట్టిన పడవ తలుపు తీసీ తియ్యగానే ముక్కుకు తగిలే వాసన ఉంటుంది చూశారూ, సగం జాతకం అందులోనే తెలుస్తుంది. నీళ్ళు దిగాయా, డీజిల్ కారుతోందా, చెక్క కుళ్ళిందా. ఇప్పుడు నాకు ఊదు తప్ప ఇంకేమీ తెలియడం లేదు."

కుర్చీలో ఉన్న జైనబ్ బీ మొహం మాడ్చుకుంది. "ఊదు పెడితె తప్పా బాబూ?"

"తప్పు కాదమ్మా. నేను చూసి వెళ్ళాక పెట్టాల్సింది."

అయినా ఆయన పని ఆయన మొదలుపెట్టాడు. చిన్న సుత్తి తీసుకుని పడవ పొట్ట చుట్టూ తడుతూ తిరిగాడు. బేగంబజార్‌లో గిన్నె కొనేటప్పుడు వేళ్ళతో కొట్టి చూసుకున్నట్టే, తట్టి చెవి ఆనించి వింటున్నాడు. అంతా గట్టిగానే పలికింది. ఇంజన్లు రెండింటి మీదా అరచెయ్యి ఆనించి చూశాడు. మొరాయించే ఇంజన్లను కొనేవాళ్ళు వచ్చేలోపు వేడిచేసి పెట్టే మాయ చాలామంది చేస్తారట, ఇవి చల్లగానే ఉన్నాయి. గొట్టంతో నీళ్ళు పెట్టించి స్టార్ట్ చేయిస్తే ఒకటి వెంటనే, ఒకటి రెండో పట్టుకు అందుకుంది. తెల్లటి పొగ వచ్చి ఆగిపోయింది.

"మిద్దె ఎక్కి స్టీరింగు తిప్పండి," అన్నాడు యూనుస్‌తో. "కింద చుక్కాని కదులుతుందో లేదో నేను చూస్తాను."

యూనుస్ మిద్దె ఎక్కాడు. ఎండకు పగుళ్ళు తీసిన సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పాడు. కింద రెండు చుక్కానులూ ఒక్కసారే తిరిగాయి. "తిరుగుతున్నది భాయ్!" అని షాహెద్ అరిచాడు. యూనుస్ పైనుంచి నవ్వాడు. ఫంక్షన్ హాలు పోయినకాడి నుంచీ ఆ నవ్వు ఖైసర్ చూడలేదు. అది కూడా తన కోసం వచ్చింది కాదు. తమ్ముడు తెచ్చిన పడవను, తమ్ముడి భార్య పొగ పట్టించిన పడవను చూసి వచ్చింది. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

చివరికి అందరూ కింది గది దగ్గర చేరారు. జైనబ్ బీ కూడా మోకాళ్ళు పట్టుకుని, షాహెద్ భుజం మీద బరువు వేసి పైకి వచ్చింది. కృపాకర్ కార్పెట్ మీద చిన్న మీటరు ఒకటి ఆనించి చూస్తున్నాడు. చూసి తల అడ్డంగా ఊపాడు.

"తడి చూపిస్తోందండి. కానీ ఇక్కడంతా పన్నీరు చల్లారు. ఇది పన్నీరు తడో, పడవ తాగిన తడో నన్ను చెప్పమంటే ఎలా చెప్పను? ఈ కార్పెట్ కోసి, కింది పలక లేపి చూడాలి."

"కొనకముందే కోస్తారా?" బాబురావు అడ్డం వచ్చాడు. "మంచిగ అంటుపెట్టిన కార్పెట్ సార్. బయానా ఇయ్యండ్రి, కోసుకోండ్రి, మీ ఇష్టం."

"పోనీ నాలుగు రోజులు మూసి ఉంచండి. పొగ పోయి, తడి ఆరాక మళ్ళీ వస్తాను."

"సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నది. వాళ్ళు బయానా తెస్తున్నరు. నేను ఆగలేను."

షాహెద్ గాబరాగా అన్న మొహం చూశాడు. కృపాకర్ టార్చి వేసి గది చుట్టూ చూస్తూ, బాత్రూమ్ గడప దగ్గర ఆగిపోయాడు. అక్కడ కార్పెట్ లేదు. చెక్క మీద దుమ్ము పేరుకుని ఉంది. దుమ్ములో ఒక కాలి గుర్తు ఉంది.

"ఊదు పెట్టకముందు ఇక్కడికి ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలే," అన్నది జైనబ్ బీ.

"మొన్న ఒకమ్మ వచ్చింది సార్," అన్నాడు గుమ్మం అవతల నుంచి వాచ్‌మన్ రాజన్న. "బుర్ఖా ఏసుకున్నది, మొఖం కనబడలే. కొనేటోళ్ళ ఇంటోళ్ళం అన్నది, తాళం తీసిన."

ఖైసర్ కుడిపాదం వెనక్కి లాక్కుంది. అందరూ వంగి ఆ గుర్తు చూస్తున్నారు. యూనుస్ అందరికంటే ఎక్కువసేపు చూశాడు. దుమ్ములో నాలుగు వేళ్ళే పడి ఉన్నాయి. అయిదో వేలు ఉండవలసిన చోట దుమ్ము చెదరలేదు.

ఆయన మెల్లగా తలెత్తి భార్య వైపు చూశాడు.

"నేనే వచ్చిన," అన్నది ఫరీహా.

ఖైసర్ తుళ్ళిపడి తిరిగి చూసింది. ఫరీహా మొహం ఎర్రబడి ఉంది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ముందుగాల ఒకసారి బిస్మిల్లా చెప్పుకుందమని వచ్చిన అమ్మీ. మీకు చెప్తె ఏమంటరో అని చెప్పలే."

"నువ్వా?" జైనబ్ బీ మొహం విప్పారింది. "చెప్పకుండ వచ్చినవా బేటీ? మంచి పనే చేసినవ్. అంటె మొదటి అడుగు నీదే."

"నాదే."

తన అడుగు! తాను దొంగతనంగా వచ్చి, చెప్పులు విడిచి, బిస్మిల్లా అని పెట్టిన అడుగు! అది కూడా లాక్కుంది. ఊద్దాన్ చాలలేదు, గులాబ్‌పాష్ చాలలేదు, దుమ్ములో పడిన గుర్తు కూడా కావలసి వచ్చింది ఈమెకు.

"అయితే మీరే చెప్పాలమ్మా," అన్నాడు కృపాకర్. "అప్పుడు ఇక్కడ వాసన ఎలా ఉంది?"

ఫరీహా రెప్ప కొట్టుకున్నంతసేపు తడబడింది. "ఏం వాసన లేదు. మూసిపెట్టిన ఇంటి లెక్కనే ఉండె."

"కాలి కింద నేల గట్టిగా ఉందా?"

"గట్టిగనే ఉండె."

కృపాకర్ మీటరు జేబులో పెట్టుకున్నాడు. "మీ ఇంటి మనిషి మాట మీద మీరు నిర్ణయించుకోండి. పైపైన చూసినంతవరకు పొట్ట బాగుంది, ఇంజన్లు బాగున్నాయి. పలక కింద ఏముందో నాకు తెలియదని మాత్రం రాసిస్తాను."

షాహెద్ ఊపిరి పీల్చుకున్నాడు. బాబురావు నవ్వాడు. ఖైసర్ గోడకు ఆనుకుని నిలబడింది.

నోరు మూసుకుంటే చాలు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది. మొదటి అడుగు ఫరీహాదని ఫరీహా నోటితోనే అందరి ముందూ వచ్చింది. రేపు కార్పెట్ కోస్తారు. పలక లేపుతారు. లోపల కుళ్ళు బయటపడుతుంది. చుట్టాలు వస్తారు, మీఠా తింటారు, చిన్న దుల్హన్ అడుగు గురించి చెప్పుకుంటారు. జీవితాంతం చెప్పుకుంటారు. తాను పక్కన నిలబడి కప్పుల్లో చాయ్ పోస్తే చాలు. ఇంత తియ్యటి తలపు ఆమెకు ఈ మధ్య ఏదీ రాలేదు.

"ఖైసర్," అన్నాడు యూనుస్.

ఆయన చెయ్యి షేర్వానీ జేబులో ఉంది. బయటికి తీస్తే గోదాము తాళంచెవి ఉంది. గోదాము కొనేవాడికి ఇవాళే చూపిస్తానని మాటిచ్చాడు. ఆ తాళంచెవిని వేలికి తిప్పుతూ భార్యనే చూస్తున్నాడు.

"నువ్వేమంటవ్? ఇద్దమా బయానా?"

ఇంతమందిలో ఆమెను సలహా అడగడం ఆయన అలవాటు కాదు. ఆయనకు తెలుసు. నాలుగు వేళ్ళ గుర్తు చూసినప్పుడే తెలిసింది. తెలిసీ ఫరీహాను ఏమీ అనలేదు, తననూ ఏమీ అనలేదు. తానేం చేస్తుందో చూస్తున్నాడు.

ఆ తాళంచెవికి తుప్పు పట్టకుండా నూనె రాసేది ఖైసరే. పెళ్ళైన కొత్తలో ఆ గోదాములో ఇద్దరూ చెరో కొస పట్టుకుని తడి షామియానాలు పిండేవారు. దేగు జారి వేలు నలిగిన రోజు యూనుస్ ఆమెను ఎత్తుకుని అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దాకా పరిగెత్తాడు. ఆ గోదాము పోతే ఆమెకు చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

"ఇయ్యొద్దు," అన్నది.

"ఎందుకు?"

"ఫరీహా అబద్ధమాడుతున్నది. మొన్న వచ్చింది నేను. ఆ అడుగు నాది."

ముందు తేరుకున్నది షాహెద్.

"భాభీ, ఇదేంది? ఒక అడుగు దాని పేరు మీద ఉంటె గూడ ఓర్వలేవా?"

"చూసిండ్రా అమ్మీ?" ఫరీహా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను ఏది పట్టుకున్నా నాదే అంటది."

"లెక్కబెట్టుకోండ్రి." ఖైసర్ చీలమండ దాకా సల్వార్ పైకి లాగి, ఒంగిన వేలు కనబడేలా పాదం ముందుకు పెట్టింది. "ఎన్ని వేళ్ళు పడ్డయో లెక్కబెట్టుకోండ్రి."

కృపాకర్ టార్చి మళ్ళీ వేశాడు. లెక్కపెట్టనవసరం లేకపోయింది. ఫరీహా గోడ వైపు తిరిగింది.

"వాసన ఉన్నది సార్," అన్నది ఖైసర్, ఆయనతోనే, ఇంకెవరినీ చూడకుండా. "తడిసిన షామియానా ఆరబెట్టకుండ మడిచిపెడితె వచ్చే వాసన. మా ఇంట్ల అందరికి ఎరుకే. మంచం పక్కపొంటి కాలు దిగబడ్డది. లోపల నీళ్ళున్నయి. పలక లేపి చూడండ్రి."

"చూడాల్సిందే," అన్నాడు కృపాకర్. "నేల దిగుతోందంటే చెక్క పోయినట్టే."

కానీ అప్పటికే జైనబ్ బీ వెనక్కి తిరిగింది.

"చూసే పని లేదు. నడువుండ్రి."

"అమ్మీ?"

"మొదటి అడుగు దీనిది పడ్డదా లేదా? ఇంకేం చూస్తవ్ షాహెద్? ఇంక గీ పడవ మనకొద్దు. లోపల బంగారమున్నా వద్దు."

"నా అడుగుకేమైంది అమ్మీ!" ఖైసర్ అరిచింది. "నేను కాలు పెట్టకముందే అది కుళ్ళి ఉన్నది! రెండు వానకాలాల సంది కుళ్ళుతున్నది!"

"ఎవరు చూసొచ్చిండ్రు?"

"పలక లేపితె తెలుస్తది కదా! సార్, లేపండ్రి!"

కృపాకర్ బాబురావు వైపు చూశాడు. బాబురావు చేతులు కట్టుకున్నాడు. "వద్దనుకున్నంక నా కార్పెట్ ఎందుకు కోస్తరు? దిగండ్రి దిగండ్రి. నాకు పనున్నది."

షాహెద్ తల్లిని పట్టుకుని మెట్లు దిగాడు. దిగుతూ వదినను చూసిన చూపులో, కావాలనే వచ్చి కాలు పెట్టి పాడుచేశావన్న మాట ఉంది. ఫరీహా కళ్ళు తుడుచుకుంటూ వెనకే దిగింది. కృపాకర్ బ్యాగు సర్దుకుని నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

యూనుస్ ఒక్కడే ఆగాడు. తాళంచెవిని తిరిగి జేబులో వేసుకున్నాడు.

"మొన్ననే ఎందుకు చెప్పలేదు?"

"చెప్దమనే వచ్చిన."

"మరి?"

గులాబ్‌పాష్ గురించి చెప్పాలి. చల్లుకోనీ అనుకున్నానని చెప్పాలి. మొగుడి మొహం చూస్తూ ఆ మాట అనడం ఆమె వల్ల కాలేదు.

"నేను అడగకపోతె ఇయ్యాల గూడ చెప్పకపోదువు," అన్నాడు యూనుస్. అరవలేదు. అరిచినా బాగుండేది. "గోదాము పోయినా సరే అనుకున్నవ్. ఫరీహా మీద కుళ్ళుతోని."

"అజీ, చెప్పిన కదా. ఆఖరికి చెప్పిన కదా."

"దిగు. పోదం."

"దిగను."

"ఖైసర్!"

"పలక లేపేదాక దిగను. నా అడుగు మీద ఇంకో మాట పడితె నేను బతకలేను. మీరు పోండ్రి."

యూనుస్ ఆమెను ఇంకాసేపు చూసి దిగిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు ఇనుప మెట్ల మీద మెల్లగా కిందికి పోయింది. ఖైసర్ పడవ వెనక భాగంలో, మెట్లకు దగ్గరగా కూలబడింది. గోదాము దక్కింది. తన వల్లనే దక్కింది. ఆ మాట ఒక్కరూ అనలేదు, అనరు కూడా.

మెట్లు మళ్ళీ చప్పుడయ్యాయి. ఫరీహా పైకి వచ్చింది. ఖైసర్‌ను దాటుకుని లోపలికి పోయి, చల్లారిన ఊద్దాన్ పట్టుకుని బయటికి వచ్చింది. దాని కోసమే వచ్చినట్టుంది. అయినా కదలకుండా నిలబడింది.

"మంచం పక్కపొంటి అన్నవ్ కదా భాభీ. ఎడమ దిక్కేనా?"

ఖైసర్ తలెత్తింది.

"పొగ పట్టిస్తుంటె నా కాలు గూడ దిగింది." ఫరీహా గొంతు తగ్గించి, ఒక కాలు కొంచెం పైకెత్తి చూపించింది. తెల్లటి మేజోడు అడుగున నల్లగా తడి మరక ఉంది. ముక్కు మూసుకోవలసినంత వాసన వస్తోంది. "పన్నీరుకు గిట్ల నల్లగ కాదు."

ఖైసర్ వేలితో కిందికి చూపించింది. "నడువు. కిందికి పోయి అందరికి చూపెట్టు. అమ్మీకి చూపెట్టు."

"చూపెట్ట."

"ఎందుకే?"

"ఈ ఇంట్ల కాలు పెట్టినకాడ్నుంచి పెద్ద దుల్హన్ గట్ల చేసింది, గిట్ల చేసింది, ఇదే విన్న. ఇయ్యాల ఒక్కనాడు నా పేరు చెప్పిండ్రు. అది గూడ ఉంచలే నువ్వు. ఇది చూపెడితె నువ్వు ఇల్లు కాపాడినట్టయితది. నేను అబద్ధమాడినట్టయితది. నీకు ఎరుక కావాలె అని చెప్పిన. వాళ్ళకు మాత్రం చెప్ప."

ఊద్దాన్ కింద పెట్టి, మేజోడు విప్పి, మడిచి భుజాన ఉన్న సంచిలో వేసుకుని, మళ్ళీ ఊద్దాన్ ఎత్తుకుంది. ఉత్త కాలితో మెట్ల వైపు నడిచింది.

ఖైసర్ గభాల్న జరిగి మెట్లకు అడ్డంగా కూర్చుంది. రెండు చేతులతో రెండు వైపులా కమ్మీలు పట్టుకుంది.

"దిగు," అన్నది. "నన్ను దాటి దిగు చూస్త."

ఫరీహా ఊద్దాన్‌ను, సంచిని రొమ్ముకు అదుముకుని ఆగిపోయింది. కింద వ్యాన్ స్టార్ట్ అయ్యింది. "మీరిద్దరు పైన ఏం జేస్తున్నరు?" అని యూనుస్ కేకేశాడు.

ఖైసర్ చూపు ఆ సంచి మీదనే ఉంది, కమ్మీలు వదల్లేదు.